హాజరుపట్టీలో ఆకలి లెక్క

మద్రాసు ఉత్తర భాగంలోని వాషర్‌మెన్‌పేట్‌కు ఆ పేరు ఈస్టిండియా కంపెనీ ఎగుమతి చేసే నేతగుడ్డలను ఉతికి, ఎండలో ఆరవేసి తెల్లబరిచిన పనివారి నుంచి వచ్చింది. తమిళులు వణ్ణారపేట్టై అనీ, తెలుగువారు చాకలిపేట అనీ పిలుచుకున్న ఆ చోట మగ్గాన్ని నమ్ముకున్న తెలుగు దేవాంగ కుటుంబాలు కూడా తరతరాలుగా స్థిరపడ్డాయి. నగరపాలక సంస్థ తన బడుల మంచిచెడ్డలను ఏ కొలతతో తూచాలన్న పాత ప్రశ్నకు కొత్త జవాబు చెప్పిన పిట్టి త్యాగరాయ శెట్టి (1852–1925) ఆ సమాజం నుంచే వచ్చారు. రాజకీయ చరిత్రకారులు ఆయనను జస్టిస్ పార్టీ నాయకుడిగా, 1920 ఎన్నికల తరువాత వచ్చిన మద్రాసు రాజధాని ప్రధానమంత్రి పదవిని కాదన్న పెద్దమనిషిగా గుర్తుచేసుకుంటారు. నగరపాలక సంస్థ సభలో ఆయన గడిపిన సుమారు నలభై ఏళ్ళకు మాత్రం ఆ రచనల్లో దక్కిన చోటు తక్కువ.

బడి బాధ్యత నగర పాలనకు ఉంటుందన్న ఊహ మద్రాసులో ఆ సంస్థ పుట్టుకతోనే ఉంది. రెండవ జేమ్స్ రాజు కాలంలో 1687 డిసెంబరులో జారీ అయిన సనదు ప్రకారం 1688లో ఏర్పడిన కార్పొరేషన్‌కు, నగర సభాభవనానికీ చెరసాలకూ తోడు, స్థానికుల పిల్లలకు ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం, వర్తకపు లెక్కలు కట్టడం నేర్పే ఒక బడికి కూడా పన్ను వేసుకునే అధికారం దక్కింది. కంపెనీ వర్తకానికి గుమాస్తాలు కావాలి కనుక ఆ దయ అక్షరాల మీద కలిగింది కాదు. అయినా ఊరి పన్నుతో ఊరి బడి అన్న సూత్రం చట్టపు కాగితం మీదికి ఎక్కింది మాత్రం అప్పుడే.

ఆ బడి ఎలా నడుస్తోందో ఎవరు చూడాలి, ఏం చూడాలి అన్న సంగతి దాదాపు రెండు శతాబ్దాల తరువాత గానీ స్పష్టమైన రూపం తీసుకోలేదు. 1862లో ఇంగ్లండులో రాబర్ట్ లో తెచ్చిన సవరణ నియమావళిని అనుసరించి 1860ల చివర మద్రాసు రాజధానిలోనూ ఫలితాలను బట్టి గ్రాంటు ఇచ్చే పద్ధతి మొదలైంది. ప్రభుత్వ తనిఖీదారు ఏడాదికొకసారి బడికి వచ్చి, పిల్లలను ఒక్కొక్కరినే నిలబెట్టి చదివించి, రాయించి, లెక్కలు చేయించి, గట్టెక్కిన పిల్లల సంఖ్యను బట్టి ఆ బడికి ఇంత సొమ్మని నిర్ణయించడమే దీని సారం. దీనిలోని లోపం పేదల పేటల్లోనే బయటపడింది. తండ్రి మగ్గం దగ్గర కండెలు చుట్టే పిల్లవాడో, తల్లితో కలిసి రేవుకు పోయే పిల్లో పరీక్షనాడు బడికి రాకపోతే ఆ నష్టం వచ్చి పడేది పంతులు జీతం మీద. కనుక ఏ బడికి సాయం ఎక్కువగా కావాలో దానికే తక్కువ అందే ఏర్పాటు అయింది. ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాల్లో ఈ పద్ధతిని విడిచిపెట్టారు గానీ, బడి నాణ్యత అంటే పరీక్ష గట్టెక్కిన తలల లెక్క అన్న అలవాటు దానితో పాటు పోలేదు.

1882లో రెండు ముఖ్యమైన సంగతులు జరిగాయి. విలియం హంటర్ అధ్యక్షతన విద్యా కమిషన్ ఏర్పడింది; ప్రాథమిక విద్యను పురపాలక, జిల్లా బోర్డులకు అప్పగించాలని అది తరువాత సిఫారసు చేసింది. స్థానిక స్వపరిపాలనను విస్తరించాలని వైస్రాయి రిపన్ చేసిన ప్రఖ్యాత తీర్మానం కూడా ఆ ఏడాదిదే. 1913లో ప్రారంభమైన తెల్లని కార్పొరేషన్ భవనానికి రిపన్ పేరే పెట్టారు. త్యాగరాయ శెట్టి సభ్యత్వం కూడా 1882లోనే మొదలైంది. 1919 నాటి మద్రాసు నగర పురపాలక చట్టం కింద, ప్రభుత్వోద్యోగి కాకుండా సభ్యుల చేత ఎన్నికైన తొలి అధ్యక్షుడయ్యే నాటికి, ఆయనకు నగరంలోని ప్రతి వార్డు బడ్జెట్టూ తన మగ్గాల ఖాతా అంత పరిచయం అయి ఉండాలి.

1920లో ఆయన సభ ముందు ఉంచిన ప్రతిపాదన మాటల్లో చిన్నది. థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషన్ బడి పిల్లలకు మధ్యాహ్నం ఫలహారం పెట్టాలనీ, ఖర్చు పిల్లవాడికి రోజుకు ఒక అణా మించకూడదనీ సభ అంగీకరించింది. అణా అంటే రూపాయిలో పదహారో వంతు. ఆ బడిలో చదివేవారు కడుపేదలు కనుక పిల్లల సంఖ్య తగ్గిపోతోందన్నది ఆయన వాదన. ఈ వాదన తిరగేసిన కొలతను గమనించాలి: తనిఖీదారు బడిలో ఉన్న పిల్లవాడికి ఎంత వచ్చునని అడిగితే, త్యాగరాయ శెట్టి బడిలో లేని పిల్లవాడు ఎందుకు లేడని అడిగారు. మొదటి ప్రశ్నకు పంతులు జవాబుదారీ. రెండవదానికి నగరసభ తానే జవాబు చెప్పుకోవాలి. స్థానిక సభ పర్యవేక్షణకు అంతకన్నా సూటి నిర్వచనం ఆ కాలపు కమిషన్ల నివేదికల్లో కనిపించదు.

పథకం తరువాత మరో నాలుగు బడులకు వ్యాపించింది. ఆ అయిదు బడుల్లో కలిపి 1922–23లో 811గా ఉన్న పిల్లల సంఖ్య 1924–25కు 1,671 అయింది. అంటే రెండేళ్ళలో రెట్టింపుకు పైమాటే. ఇంతటి ఫలితం ఏ తనిఖీ వల్లా రాలేదు. అయినా చిక్కు మరో మూల నుంచి వచ్చింది. 1920 నాటి మద్రాసు ప్రాథమిక విద్యా చట్టం స్థానిక సంస్థలకు విద్యాపన్ను వేసే అధికారాన్నీ, ఎంచుకున్న ప్రాంతాల్లో నిర్బంధ విద్యను అమలు చేసే అవకాశాన్నీ ఇచ్చి, ఆ సొమ్మును ప్రాథమిక విద్యా నిధి అనే ప్రత్యేక ఖాతాలో ఉంచమంది. పిల్లలకు పెట్టే ఫలహారం విద్య కిందికి రాదు కనుక ఆ నిధి నుంచి ఖర్చు చేయరాదని ప్రభుత్వం అభ్యంతరం చెప్పగా, 1925 ఏప్రిల్ 1 నుంచి వడ్డన ఆగిపోయింది. పలక కొంటే విద్య, పలక పట్టే చేతికి ఇడ్లీ పెడితే విద్య కాదన్న ఆ ఖాతా న్యాయాన్ని గుమాస్తాలు మాత్రమే మెచ్చగలరు. అదే నెల 28న త్యాగరాయ శెట్టి మరణించారు. పిల్లల సంఖ్య మళ్ళీ పడిపోవడంతో కార్పొరేషన్ విన్నపాలు చేసి, కొంత కాలానికి వెయ్యిమంది పేద పిల్లలకు భోజనం పెట్టే అనుమతి సంపాదించుకుంది.

తరువాతి దశాబ్దాల్లో పర్యవేక్షణ సమస్య మరో రూపం ఎత్తింది. 1973లో రద్దయిన నగరసభకు 1996 దాకా ఎన్నికలు జరగలేదు. ఇరవై మూడేళ్ళ పాటు ప్రత్యేక అధికారులు ఒక్క సంతకంతో నడిపిన నగరంలో, పేట బడికి పంతులు రాలేదని సభలో లేచి అడిగే కౌన్సిలరు ఎవరూ లేరు. 2016లో ముగిసిన పదవీకాలానికీ 2022 ఫిబ్రవరి ఎన్నికలకూ మధ్య అదే ఖాళీ మళ్ళీ ఏర్పడింది. బడులు మూతపడలేదు, పరీక్షలు ఆగలేదు, ఉత్తీర్ణత శాతాలు ఏటా ప్రకటిస్తూనే ఉన్నారు. అడిగే వారు లేనప్పుడు కూడా అంకెలు మాత్రం చక్కగా పుట్టుకొస్తాయి.

2009 విద్యాహక్కు చట్టంలోని 21వ విభాగం ప్రతి సర్కారీ బడికీ పాఠశాల యాజమాన్య కమిటీని నిర్బంధం చేసింది. అందులో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, మొత్తంలో సగం మంది స్త్రీలు ఉండాలి. స్థానిక సంస్థకు ఎన్నికైన ప్రతినిధులకు కూడా అందులో చోటుంది. తనిఖీదారు కుర్చీలో మొదటిసారిగా పిల్లల తల్లి కూర్చుంది.

ఆ కుర్చీ నుంచి వాషర్‌మెన్‌పేట్ తెలుగు తల్లులు అడగవలసిన ప్రశ్న మరొకటి ఉంది. 2006 నాటి తమిళ అభ్యాస చట్టం తమిళాన్ని ఒకటో తరగతి నుంచి ఏటా ఒక్కో తరగతికి పెంచుకుంటూ పోగా, 2015–16 నాటికి అది పదో తరగతి దాకా తప్పనిసరి పాఠ్యాంశమైంది. భాషా మైనారిటీ పిల్లల మినహాయింపు వివాదం న్యాయస్థానాల మెట్లెక్కింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లవాడు తెలుగు చదవాలంటే తెలుగు పంతులు ఉండాలి, పంతులు ఉండాలంటే తగినంత మంది పిల్లలు ఉండాలి, పిల్లలు ఉండాలంటే ముందుగా పంతులు కనిపించాలి. ఈ చక్రం ఎక్కడ తెగుతుందో ఉత్తీర్ణత శాతాల పట్టికలో ఏ గడిలోనూ నమోదు కాదు. బడి మానిన పిల్లవాడి పేరు 1920 నాటి హాజరుపట్టీలో ఎలా ఖాళీగా మిగిలిందో, ఇదీ అలాగే మిగులుతోంది.