చంద్రగిరి దాటిన కార్లు

మన దేవాలయములలో బ్రహ్మోత్సవములు జరుగునపుడు గరుడ వాహనము, హంస వాహనము, అశ్వ వాహనము వీధులలోనికి వచ్చును. వాహనము స్వామిని మోయుచున్నదని మనమందుము. ఆ వాహనమును మోయువారు బొంగుల క్రింద భుజములొగ్గిన మనుష్యులు. చిన్ననాటినుండి చూచుచున్న దృశ్యము గావున ఇందులో మనకు వింత తోచదు. ఆ వాహనము మోటారు కారై, ఊరేగింపు నాలుగు మాడవీధులలో గాక ఏడువేల అడుగులకు మించిన కనుమమీదుగా సాగినచో ఎట్లుండును? నేపాలు దేశమున ఇట్టి ఊరేగింపులు ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున పెక్కుసారులు జరిగినవి.

ఫోల్క్‌మార్ వెంట్‌జెల్ అను అమెరికను ఛాయాగ్రాహకుడు 1950 ప్రాంతమున తీసిన చిత్రమొకటి లోకమంతట ప్రసిద్ధమైనది. పొడవైన బొంగులమీద ఒక కారు, దానిచుట్టు కిక్కిరిసిన కూలీలు, వారి కాళ్ళ క్రింద సెలయేరు. ఆ చిత్రమును చూచినప్పుడెల్ల మా దృష్టి కారుమీద నిలువక నీటిలోని పాదములమీదికి పోవును. జారు రాళ్ళమీద అన్ని పాదములు ఒక్కమారుగ ఎట్లు నిలద్రొక్కుకొనినవో గదా!

కారును ఇట్లు మోయవలసి వచ్చుటకు కొండలొక్కటియే కారణము కాదు. ఖాట్మండు లోయ సముద్రమట్టమునకు సుమారు 4,300 అడుగుల ఎత్తున నున్నది. దానికి దక్షిణమున మహాభారత పర్వతశ్రేణి, దిగువను చురియా కొండలు, ఆ క్రింద తెరాయి అడవులు. ఈ అడవులలోని మలేరియాకు వెరచి వానకాలమున బాటసారులు అటు పోయెడివారు కారు. 1846లో జంగ్ బహదూర్ అధికారమును చేజిక్కించుకొనినది మొదలు 1951 వరకు రాణా వంశమువారు తరతరములుగ ప్రధానమంత్రులై దేశమును ఏలిరి. సింహాసనముమీది రాజు పేరునకు మాత్రమే రాజు. ఈ రాణాలకు కొండలు కోటగోడలు, అడవి అగడ్త. హిందూదేశమును మ్రింగిన ఆంగ్లేయులు ప్రక్కనే యుండిరి. సరకుల బండి నడచు బాటమీద ఫిరంగి బండియు నడువగలదని రాణాలకు తెలియును. కావున అనుమతి లేక పరదేశి ఎవ్వడును లోయలోనికి రాకుండ కట్టడి చేసిరి. బాట వేయుట మానిరి.

అయితే జంగ్ బహదూర్ 1850లో లండను, పారిస్ నగరములను చూచి వచ్చెను. అటుపిమ్మట రాణాల మేడలు ఐరోపా పోకడలలో లేచినవి. నిలువుటద్దములు, స్ఫటిక దీపగుచ్ఛములు, పియానోలు వచ్చినవి. కాలము మారగా మోటారు కారుమీదను మనసైనది. బాట వద్దు, కారు కావలెను. ఈ రెండు కోరికలను కలుపుటకు దొరికినది కూలివాని భుజము.

ఒక కారు ప్రయాణమును మనము మొదటినుండి చూతము. కలకత్తా రేవులో ఓడ దిగిన కారు రైలెక్కి బీహారునకు పోవలెను. నడుమ గంగ. మొకామె వద్ద రాజేంద్ర వంతెన 1959లో గాని తెరువబడలేదు. అంతకు ముందు అట్టి రేవులలో సరకులను ఈ దరి పెద్దరైలునుండి ఆ దరి చిన్నరైలునకు మార్చెడివారు. పులుల వేటగాడని మనమెరిగిన జిమ్ కార్బెట్ మొకామె రేవులో ఈ మార్పిడి పనికే రెండు దశాబ్దములకు పైగా కంట్రాక్టరుగ నుండెను. గంగ దాటిన పిమ్మట సరిహద్దున రక్సౌల్. అచటినుండి అమ్లేఖ్‌గంజ్ వరకు నేపాలు ప్రభుత్వము 1927లో రెండున్నర అడుగుల గేజి రైలుమార్గము వేసినది. దాని పొడవు సుమారు 24 మైళ్ళు. అమ్లేఖ్‌గంజ్ నుండి భీంఫేదీ అను కొండపాదపు బజారు వరకు మోటారు బాట కలదు. చక్రముల పని భీంఫేదీతో సరి. ఎదుట కొండ నిలువున లేచియున్నది.

భీంఫేదీనుండి కాలిబాట చీసాపానీ గఢీ అను పాత కోటకు ఎగబ్రాకును. అచటినుండి కులేఖానీ ఏటికి దిగును. చిత్లాంగ్ పల్లె మీదుగా మరల ఎక్కి చంద్రగిరి కనుమను దాటును. ఆపై థాన్‌కోట్ వద్ద లోయలోనికి దిగును. ఒంటరి బాటసారి ఒకటి రెండు దినములలో నడువగల దూరమే. కారునకు అంతకు ఎన్నియో రెట్లు కాలము పట్టెడిది.

చక్రములు ఊడదీసి, తక్కిన బండిని బొంగులతో కూర్చిన చట్రముమీద మోకులతో బిగించెడివారు. చిన్నకారైనచో 30 మందికి పైగా, పెద్దకారైనచో 60 మంది, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు మోయవలసి వచ్చెడిది. ఒకటిన్నర టన్నుల కారును 60 మంది పంచుకొనిన తలకు 25 కిలోలే గదా యని కాగితముమీద లెక్క వేయవచ్చును. కొండ ఈ లెక్కను ఒప్పుకొనదు. ఎక్కునపుడు బరువు వెనుకవారిమీదికి జారును. దిగునపుడు ముందువారిమీదికి వచ్చును. మలుపు తిరుగునపుడు లోపలివారు ఉన్నచోటనే కదలాడుచుండగా వెలుపలివారు లోయ అంచున పెద్ద అడుగులు వేయవలెను. ఒకని కాలు జారెనా, పదిమంది బరువు రెప్పపాటులో ఇద్దరిమీద పడును. మన పల్లకి బోయీలు పలుకు కలుపుకొని నడచినది అడుగు తప్పకుండుటకే. ఆ పాట వీధిలో వినుటకు ఇంపుగ నుండును గాని, పాడువానికి అది ప్రాణరక్షణ.

ముక్కలు ముక్కలుగ విప్పి తీసికొనిపోరాదా యని అడుగవచ్చును. నేపాలు కూలీలు డోకో అను వెదురుబుట్టను వీపున దాల్చి, దాని పట్టెను నుదుటికి తగిలించుకొని మణుగుల బరువు మోయుదురు. చక్రములును విడిభాగములును అట్లే పోవచ్చును. కారు దేహము డోకోలో పట్టదు. దానిని కోసి తిరిగి అతుకుటకు కొండ ఆవల పెద్ద కార్ఖానా కావలెను. 1920 దశకమున చంద్ర షంషేర్ ప్రభుత్వము ధోర్సింగ్ నుండి మాతాతీర్థము వరకు ఇనుప తీగెమార్గమును కట్టించెను. బియ్యపు మూటలు, ఉప్పు, గుడ్డలు తీగెమీద వ్రేలాడుచు కొండ దాటినవి. కారును ఆ తీగె మోయలేదు.

ఆ భుజములు మోసినవన్నియు విలాస వస్తువులని తలపరాదు. 1911లో ఫర్పింగ్ వద్ద నేపాలు మొదటి జలవిద్యుత్కేంద్రము వెలసినది. నాటికి రైలు లేదు, తీగెమార్గము లేదు. యంత్రములు మనుష్యుల బలిమితోనే కొండ దాటినవి. ఆ దీపములును మొట్టమొదట మేడలలోనే వెలిగినవన్నది వేరు సంగతి.

థాన్‌కోట్‌లో కారునకు చక్రములు తిరిగి తగిలించిన పిమ్మట రాజధాని కొలది మైళ్ళ దూరము. అంత శ్రమకోర్చి తెచ్చిన బండి తిరుగుటకు ఉన్నదెంత? లోయ ఈ కొసనుండి ఆ కొసకు 15 మైళ్ళు. అందులో మంచి బాటలు మేడలచుట్టును ఉండినవి. ఆ 15 మైళ్ళలోనే ఆ కార్లలో కొన్నిటికి ఒకనాడు పెద్ద పని పడినది.

1950 నవంబరు 6వ తేదీన త్రిభువన్ మహారాజు వేటకు పోవుచున్నామని రాణాలకు చెప్పి కుటుంబముతో కార్లలో బయలుదేరెను. దారిలో భారత రాయబార కార్యాలయము కలదు. దాని ద్వారము ఎదుటికి వచ్చినంతనే కార్లు చటుక్కున లోనికి మళ్ళినవి. మేడలో మిగిలిపోయిన మూడేండ్ల మనుమడు జ్ఞానేంద్రను రాణాలు రాజుగ ప్రకటించిరి, భారతదేశము ఒప్పుకొనలేదు. గౌచర్ మైదానములో మొదటి విమానము దిగి అప్పటికి ఏడాదిన్నరయే అయినది. అచ్చటినుండియే విమానములో రాజకుటుంబము ఢిల్లీ చేరెను. 1951 ఫిబ్రవరిలో త్రిభువన్ తిరిగి వచ్చి రాణాల ఏకపాలన ముగిసినదని చాటెను. ఆ నవంబరు నాటికి లోయకు మోటారు బాట లేదు. కావున రాయబారి గుమ్మములోనికి మళ్ళిన ఆ కార్లను ఎవరో కొందరు భుజములమీద చంద్రగిరి దాటించియే తెచ్చియుండవలెను. తాము ఏమి మోయుచున్నారో ఆనాడు వారికెట్లు తెలియును? ఛాయాచిత్రముల క్రింద కారు ఏ కంపెనీదో వ్రాసియుండును. మోసినవారి పేర్లు మాకింతవరకు కనబడలేదు.

ఆ మీదట భారత సైన్యపు ఇంజనీర్లు నేపాలుకు బాట వేసిరి. త్రిభువన్ రాజపథము 1956లో పూర్తియైనది. అది పాత కాలిబాటను అనుసరింపలేదు; దామన్ వైపు ఎనిమిదివేల అడుగులకు పైగా ఎక్కి, వేరొక వాలున దిగి థాన్‌కోట్ చేరును. కార్లు తమ చక్రములమీద తాము వచ్చినవి. మనుష్యుని భుజము ఆ బరువునుండి విడివడినందుకు ఎవరికిని విచారముండరాదు; మాకును లేదు. అయినను భీంఫేదీ గురించి ఒక మాట చెప్పవలసియున్నది. లోయకు పోవు బాటసారులందరును, బరువులన్నియు ఆగి సాగిన బజారది. సత్రములు, అంగళ్ళు, కూలీల ముఠాలతో కళకళలాడినది. రాజపథము దానిని ప్రక్కకు నెట్టి పోయినది. 1965లో అమ్లేఖ్‌గంజ్ రైలును మూతపడినది. బొంగు దించిన వారిలో కొండచరియన పొలము గలవారు పొలమునకు పోయియుందురు. లేనివారు మరియొక బరువును వెదకికొనియుందురు.

2016లో చంద్రగిరిమీదికి కేబుల్ కార్లు వచ్చినవి. థాన్‌కోట్ వద్ద గాజుపెట్టెలో కూర్చున్నవారు కొలది నిమిషములలో శిఖరమున దిగి మంచుకొండలను చూచుచున్నారు. కనుమకు ఆవల చిత్లాంగ్ వైపు పాత కాలిబాట ఇప్పటికిని ఉన్నది. సెలవుదినములలో ఖాట్మండు పడుచువాండ్రు చిన్న సంచి భుజమున తగిలించుకొని, నడక సరదాకై, ఆ బాటన దిగిపోవుచుందురు.