చెవిడొప్ప లేని బిడ్డకు చెవి

బిడ్డకు చెవులు కుట్టించుట మన ఇండ్లలో వేడుక. ఆరవ లేక ఏడవ మాసమున కుట్టవలెనని సుశ్రుతుడు విధించినాడు. తెగిన తమ్మెలను అతుకుటకు పదునైదు విధములు చెప్పి, చెంప చర్మముతో క్రొత్త తమ్మెను చేయుట కూడ నేర్పినాడు. కాని అది తమ్మె వరకే. పుట్టుకతోనే డొప్ప ఏర్పడని బిడ్డ మాటేమి?

చర్మము దొరకును, లోపల మడతలను నిలబెట్టు మృదులాస్థి ఎక్కడిది? చిక్కంతయు అక్కడనే. హెరాల్డ్ గిల్లీస్ రోగి ప్రక్కటెముక మృదులాస్థిని చెవిగా చెక్కి చర్మము క్రింద పొదుగు విధానమును 1920లో వర్ణించినాడు. పిమ్మట, పసివాని ఎదను కోయనేల అనియే కాబోలు, తల్లుల చెవులనుండి మృదులాస్థి తీసి పిల్లలకు అమర్చినాడు. బిడ్డకై తమ చెవిని కోయించుకొన్న ఆ తల్లులను తలచుకొన్నచో గుండె బరువెక్కును. తల్లిదైనను పరాయి మృదులాస్థి ఆ పిల్లల శరీరములలో నిలువలేదు. ఏండ్లు గడచుకొలది హరించిపోయినది.

1959లో అమెరికా వైద్యుడు రాడ్‌ఫర్డ్ టాంజర్ మరల బిడ్డ ప్రక్కటెముకకే వచ్చి, పలు విడతలుగా శస్త్రము చేసి, నిలిచెడి చెవిని చూపించినాడు. నేటి పద్ధతులకు అదే పునాది. ఎముక చాలినంత పెరుగుటకై వైద్యులు ఆరేండ్లు, కొందరు పదేండ్లు ఆగుదురు.

వినికిడి వేరు సంగతి. రెండు చెవుల రంధ్రములును మూసుకొని పుట్టిన బిడ్డకు అన్నాళ్లు ఆగరాదు. కపాలపు ఎముక ద్వారా శబ్దము నందించు చిన్న యంత్రమును మెత్తని పట్టీతో తలకు కట్టి, మాటలు రాకమునుపే వినిపింతురు.