బాల నేర న్యాయ వ్యవస్థ (నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలు)

పద్దెనిమిదేళ్ళు నిండకముందు నేరం చేశారన్న ఆరోపణ వచ్చిన పిల్లలను పెద్దల కోర్టుకు, జైలుకు పంపకుండా విడిగా విచారించే ఏర్పాటు ఇది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దీని చరిత్ర కృష్ణా నది ఆవలి గట్టు చరిత్ర కంటే వేరు.

బ్రిటిష్ ఇండియాలో 1876లో, మళ్ళీ 1897లో రిఫార్మేటరీ స్కూళ్ళ చట్టాలు వచ్చాయి. దేశంలో మొదటి బాలల చట్టాన్ని మద్రాసు ప్రెసిడెన్సీ 1920లో చేసింది. ఈ రెండు జిల్లాలు నిజాం ఏలుబడిలో ఉన్నందున అవేవీ ఇటు రాలేదు. భారత శిక్షాస్మృతే 1951 ఏప్రిల్ 1న గానీ హైదరాబాద్ రాష్ట్రంలో అమలు కాలేదు. హైదరాబాద్ బాలల చట్టం పుట్టిందీ ఆ ఏడాదే. 1956లో తెలంగాణ, ఆంధ్ర కలిసినా చట్టాలు కలవలేదు. నాగార్జునసాగర్ ఎడమగట్టున పట్టుబడిన పిల్లవాడికి ఒక చట్టం, కుడిగట్టున మాచర్ల వైపు పట్టుబడినవాడికి మరొకటి.

ఆ తేడాను చెరిపేసింది 1987 అక్టోబర్ 2న అమల్లోకి వచ్చిన కేంద్ర జువైనల్ జస్టిస్ చట్టం. అందులో మగపిల్లలకు 16, ఆడపిల్లలకు 18 ఏళ్ళు హద్దు. బాలల హక్కుల ఒడంబడికను భారత్ 1992లో ఆమోదించాక, 2000 నాటి చట్టం ఇద్దరికీ 18 చేసింది. నిందితుల్లో ఒకడు మైనరైన 2012 ఢిల్లీ అత్యాచార ఘటన మీద రేగిన ఆగ్రహం 2015 చట్టానికి దారితీసింది. కనీస శిక్ష ఏడేళ్ళు, ఆపైన ఉన్న ఘోర నేరాల్లో 16 నుంచి 18 ఏళ్ళ లోపు వారిని పెద్దలుగా విచారించవచ్చా అని జువైనల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేస్తుంది. అలా విచారించినా ఉరిశిక్ష వేయకూడదు, విడుదలకు అవకాశం లేని యావజ్జీవమూ వేయకూడదు. ఆగ్రహంలో చేసిన చట్టానికి ఈ కట్టుబాటైనా మిగలడం మేలే.

మామూలు కేసు నడిచే తీరు వేరు. పట్టుకున్న 24 గంటల్లో పిల్లవాణ్ని జువైనల్ జస్టిస్ బోర్డు ముందుంచాలి. లాకప్‌లో పెట్టకూడదు, బేడీలు వేయకూడదు. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. బెయిలు ఇవ్వడమే నియమం. బెయిలు రాకపోతే అబ్జర్వేషన్ హోం. నేరం రుజువైతే మందలింపు, కౌన్సెలింగ్, సమాజసేవ, ప్రొబేషన్. చివరి మెట్టు స్పెషల్ హోంలో గరిష్ఠంగా మూడేళ్ళు.

ఇదంతా ప్రొబేషన్ ఆఫీసర్ రాసే సామాజిక విచారణ నివేదిక మీద ఆధారపడుతుంది. ఇల్లెలా ఉంది, బడికి పోతున్నాడా, స్నేహాలేమిటి అని ఊరికి పోయి కనుక్కోవాలి. ‘పాలమూరు లేబర్’ అని దేశమంతా పేరుపడిన మహబూబ్‌నగర్ జిల్లాలో, నల్లగొండ వైపు దేవరకొండ తండాల్లో ఆ ఇంటికి తాళం ఉండవచ్చు. తల్లిదండ్రులు హైదరాబాద్, పుణే, ముంబయి పనుల్లో ఉంటే పూచీ పడేదెవరు? ఇంటివాళ్ళ చేతికి అప్పగించడమే మేలని చట్టం అంటుంది గానీ, వలసపోయిన ఇంటి సంగతి దానికి తోచినట్టు లేదు. జిల్లాలు పెరగడంతో బోర్డుల అవసరమూ పెరిగింది: 2016లో ఈ రెండు జిల్లాలు ప్రధానంగా ఏడయ్యాయి, 2019లో నారాయణపేట తోడైంది. ప్రతి జిల్లాకూ బోర్డు ఉండాలన్నది చట్టం మాట.

వలస కుటుంబాలకు మరో చిక్కు వయసు రుజువు. చట్టం మొదట బడి సర్టిఫికెట్‌నో మెట్రిక్యులేషన్ సర్టిఫికెట్‌నో అడుగుతుంది. అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష. ఆ పరీక్ష చెప్పేది అంచనా మాత్రమే. బడి మధ్యలో మానేసిన పిల్లవాడి టీసీ దొరికితే కేసు దారే మారిపోతుంది. లెక్కలోకి వచ్చేది పట్టుబడిన నాటి వయసు కాదు, నేరం జరిగిన నాటి వయసు. ఆ కాగితం ఆలస్యంగా దొరికినా పనికొస్తుంది: బాలుడన్న వాదనను ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తుది తీర్పు తరవాత కూడా లేవనెత్తవచ్చు.