న్యూరాలజీ ఆన్ వీల్స్: వ్యాన్‌లో పల్లెకే నరాల డాక్టర్.. ఎవరీ బిందు మీనన్?

సూళ్లూరుపేట: ఫిట్స్, పక్షవాతం, విడవని తలనొప్పి, చేతుల వణుకు.. వీటికి చూసే డాక్టర్‌నే న్యూరాలజిస్ట్ అంటారు. మనవాళ్ల మాటలో నరాల డాక్టర్. ఆ డాక్టర్ కోసం పల్లె జనం బస్సెక్కి సిటీకి పోవడమే ఇప్పటిదాకా మామూలు. నెల్లూరుకు చెందిన డాక్టర్ బిందు మీనన్ దీన్ని తిరగేశారు. తానే వ్యాన్‌లో పల్లెలకు వెళ్తున్నారు.

ఎవరీ డాక్టర్?

నెల్లూరు అపోలో ఆసుపత్రి న్యూరాలజిస్ట్‌గా బిందు మీనన్ ఈ ప్రాంతంలో చాలామందికి తెలుసు. 2013లో తన పేరుతో ఒక ఫౌండేషన్ పెట్టారు. 2015లో 'న్యూరాలజీ ఆన్ వీల్స్' మొదలుపెట్టారు. ఫిట్స్ ఉన్నవాళ్ల కోసం 'ఎపిలెప్సీ హెల్ప్' అనే మొబైల్ యాప్ కూడా తెచ్చారు. ఈ సేవలకు అమెరికాలోనూ గుర్తింపు వచ్చింది. న్యూరాలజీలో మానవతా సేవకు ఇచ్చే మృధా అవార్డు అందుకున్నారు.

వ్యాన్ వస్తే ఏం చేస్తారు?

పద్ధతి మూడు మాటల్లో చెప్పొచ్చు.. చేరడం, చెప్పడం, చూడటం. ముందే ఊరు ఎంచుకుని, ఊరి పెద్దలకు కబురు చేస్తారు. పక్షవాతం, ఫిట్స్ ఎందుకొస్తాయో జనానికి అర్థమయ్యేలా చెబుతారు. బీపీ, షుగర్ చెక్ చేస్తారు. అవసరమైనవాళ్లను డాక్టర్ చూసి, మందులు ఉచితంగా ఇస్తారు.

బీపీ చూడటానికి నరాల డాక్టర్ ఎందుకు? పక్షవాతానికి పెద్ద కారణం అదే కాబట్టి. బీపీ ఉన్నట్టు తెలియక కొందరు, తెలిసినా మాత్ర మానేసి మరికొందరు పక్షవాతం బారిన పడుతున్నారు.

ఫిట్స్ విషయంలోనూ అంతే. ప్రపంచంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన మందు వాడితే 70 శాతం మంది వరకు ఫిట్స్ లేకుండా బతకొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కానీ ఏళ్ల తరబడి మందు వాడాలి. ప్రతిసారీ చార్జీలు పెట్టుకుని, కూలి పోగొట్టుకుని సిటీకి పోలేక మధ్యలో ఆపేస్తారు. మళ్లీ ఫిట్స్ మొదలవుతాయి. వ్యాన్ పల్లెకు పోవాల్సిన అవసరం ఇక్కడే ఉంది.

సూళ్లూరుపేటకు దీంతో ఏం పని?

2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లాలోకి వచ్చిన సూళ్లూరుపేట, అంతకుముందు నెల్లూరు జిల్లాలోనే ఉండేది. ఇక్కడి నుంచి చెన్నై, నెల్లూరు, తిరుపతి మూడూ దాదాపు 80 నుంచి 100 కిలోమీటర్లు. ఎటు పోయినా రోడ్డు మీదే గంటన్నర, రెండు గంటలు గడిచిపోతాయి.

మెదడులో రక్తం గడ్డకట్టి పక్షవాతం వస్తే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ నాలుగున్నర గంటల్లోపు పడాలి. అదీ సీటీ స్కాన్ తీశాకే. రక్తనాళం చిట్లిన కేసుకు ఇదే ఇంజెక్షన్ ఇస్తే ప్రాణానికే ముప్పు. ఆలస్యమయ్యే ఒక్కో నిమిషానికి మెదడులో సుమారు 19 లక్షల కణాలు చచ్చిపోతాయని అంచనా. ప్రయాణానికి రెండు గంటలు, స్కాన్‌కు కొంత టైమ్ తీసేస్తే ఇంట్లో ఆలోచించుకోవడానికి మిగిలేది ఏమీ లేదు. 'పొద్దున చూద్దాంలే', 'ముందు పసరు మందు వేయిద్దాం' అంటే ఆ అవకాశం పోయినట్టే.

ఇవి గుర్తుంచుకోండి

* మూతి వంకర పోయినా, ఒక చెయ్యి లేదా కాలు పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.
* లక్షణాలు ఎన్ని గంటలకు మొదలయ్యాయో డాక్టర్‌కు చెప్పండి. ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అన్నది ఆ టైమ్‌ను బట్టే ఉంటుంది.
* నోట్లో నీళ్లు, మందులు పోయొద్దు. గొంతుకు అడ్డం పడొచ్చు.
* ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో స్పూన్ దూర్చడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటినా ఆగకపోతే 108కి చెప్పండి.
* ఫిట్స్ తగ్గాయని, బీపీ నార్మల్ వచ్చిందని మాత్రలు సొంతంగా ఆపొద్దు.

నరాల డాక్టర్ ఉన్న వ్యాన్ ఏదో ఒక రోజు ఊరికి రావొచ్చు. మిగతా రోజుల్లో మాత్ర మానకుండా చూసుకోవాల్సింది, పక్షవాతాన్ని ముందు గుర్తుపట్టాల్సింది ఇంట్లో వాళ్లే.