సువార్త వినకుండా చనిపోయిన మన పెద్దల సంగతేమిటి?



లండన్ మిషన్ వారు కడపలో పని మొదలుపెట్టింది 1822లో. జమ్మలమడుగులోని క్యాంబెల్ ఆసుపత్రి ఆ మిషన్ సేవకు గుర్తు. అంతకుముందు ఈ ప్రాంతంలో బతికిన మన పెద్దల్లో ఎంతోమంది యేసు పేరు వినకుండానే మట్టిలో కలిసిపోయారు. అందుకే ప్రొద్దుటూరులోనైనా పులివెందులలోనైనా కొత్తగా నమ్మినవారు "అయ్యగారూ, మా అవ్వాతాతల సంగతేమిటి?" అని అడుగుతారు.

అమెరికాలో ఒక కుటుంబాన్ని కూడా ఇదే ప్రశ్న బాధించింది. జోసెఫ్ స్మిత్ అన్న ఆల్విన్ 1823లో బాప్తిస్మం పొందకుండానే చనిపోయాడు. అంత్యక్రియల్లో ప్రసంగించిన పాస్టరు, ఆల్విన్ నరకానికి పోయినట్టే మాట్లాడాడని తమ్ముడు విలియం తర్వాత చెప్పాడు. జోసెఫ్ 1830లో మార్మను సంఘాన్ని స్థాపించాడు. పరలోకంలో మూడు మహిమ రాజ్యాలున్నాయని 1832లో చెప్పాడు. వాటిలో పై రాజ్యంలో ఆల్విన్‌ను దర్శనంలో చూశానని 1836లో చెప్పాడు. 1840లో మృతుల కోసం బ్రతికున్నవారు బాప్తిస్మం పొందాలని బోధించాడు. మార్మనులు నేటికీ తమ ఆలయాల్లో అలాగే చేస్తారు. చనిపోయినవాడి ఆత్మ దాన్ని ఒప్పుకోవచ్చు, కాదనవచ్చు అంటారు.

ఈ బోధ మనకు దూరమేమీ కాదు. సమోవాలో మార్మనులైన ధర్మరాజు దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి తమ బంధువులకు బోధించారు. బెంగళూరులో ఆలయం కడతామని 2018లో ప్రకటించారు.

చనిపోయినవారి మీద వారికున్న ప్రేమను ఎగతాళి చేయకండి. అయితే లేఖనం ఏమంటుందో చూడండి. 1 కొరింథీ 15:29లో పౌలు మృతుల కోసం బాప్తిస్మం పొందేవారిని ప్రస్తావించాడు గాని, మీరూ అలా చేయండని ఆజ్ఞాపించలేదు. అక్కడ ఆయన వాదమంతా పునరుత్థానం గురించే. మరణం తర్వాత తీర్పు అని హెబ్రీ 9:27 చెబుతుంది. సిలువ మీద దొంగకు బాప్తిస్మం లేదు, ఆలయ కర్మ లేదు. అయినా ఆ రోజే పరదైసు దొరికింది. రక్షించేది క్రీస్తు రక్తమే. దానికి మన చేతులతో చేర్చాల్సిందేమీ లేదు.

మరి మన అవ్వాతాతలు? వారు నరకంలో ఉన్నారని తీర్పు చెప్పే అధికారం ఏ పాస్టరుకూ లేదు. రెండో అవకాశం ఉందని మాటిచ్చే అధికారమూ లేదు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయం చేస్తాడని అబ్రాహాము నమ్మాడు (ఆదికాండము 18:25). మన పెద్దలను ఆ న్యాయవంతుని చేతికే అప్పగిద్దాం. వారికోసం ఇప్పుడు మనం చేయగలిగింది లేదు. కానీ మన వీధిలో ఇంకా వినని మనిషి బ్రతికే ఉన్నాడు. ఈ వారమే వెళ్లి అతనికి చెబుదాం.

ప్రభువు మిమ్మల్ని దీవించును గాక. ఆమేన్.