పరధ్యానానికి చేతితో పనిలేదు: డ్రైవింగ్‌లో ఫోన్ సంభాషణపై ఒక పరిశీలన

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి, 1,68,491 మంది చనిపోయారు. బండి నడుపుతూ ఫోన్ వాడటం వల్ల జరిగినవిగా అందులో చూపినవి 7,558 ప్రమాదాలు, 3,395 మరణాలు. చనిపోయిన ప్రతి వందమందిలో ఇద్దరన్నమాట. అంతకుముందు ఏడాది, 2021లో, ఈ కారణం కింద చూపిన ప్రమాదాలు 1,997. ఏడాది తిరిగేసరికి అంకె దాదాపు నాలుగింతలైంది. జనం ఫోన్ అలవాటు ఒక్క ఏడాదిలో అంతగా మారిందంటే నమ్మడం కష్టం. మారింది నమోదేనని నా అభిప్రాయం. ఆ రెండు శాతాన్ని సమస్య కొలతగా తీసుకుంటే పొరపడతాం.

నమోదు ఎలా జరుగుతుందో చూస్తే ఇందుకు కారణం తెలుస్తుంది. ప్రమాదస్థలానికి వెళ్లిన ఎస్సైకి టైర్ల జాడలు కనిపిస్తాయి, బండ్లు నుజ్జయిన తీరు కనిపిస్తుంది, సాక్షులు నాలుగు మాటలు చెబుతారు. వేగానికి అక్కడ ఆనవాళ్లుంటాయి. ధ్యాస ఎక్కడుందో చెప్పే ఆనవాలు మాత్రం రోడ్డు మీద ఉండదు. డ్రైవర్ బతికుంటే ఫోన్ మాట ఎత్తడు, చనిపోతే చెప్పలేడు. కాల్ డేటా తెప్పిస్తే తెలుస్తుంది గానీ, ప్రతి కేసులోనూ తెప్పించే ఆనవాయితీ లేదు. వేగంగా పోతూ ఫోన్‌లో మాట్లాడిన మనిషి మరణం అతివేగం పద్దులోకే వెళ్లే అవకాశం ఎక్కువ. 2022 మరణాల్లో నూటికి 71 ఆ పద్దులోనే ఉన్నాయి.

టొరంటోలో అడిగిన ప్రశ్న

ఈ చిక్కును తెలివిగా దాటిన పరిశోధన ఒకటుంది. కెనడాలోని టొరంటోలో డొనాల్డ్ రెడెల్‌మయర్ అనే వైద్యుడు, రాబర్ట్ టిబ్‌షిరానీ అనే గణాంకవేత్త కలిసి చేసి, 1997లో ప్రచురించారు. ఫోన్ ఉండి, ప్రమాదానికి గురైన 699 మంది డ్రైవర్లను తీసుకున్నారు. 14 నెలల కాలంలో వాళ్లు మాట్లాడిన 26,798 కాల్స్ వివరాలను బిల్లుల నుంచి రాబట్టారు. ఫోన్ వాడేవాళ్లను వాడనివాళ్లతో పోలిస్తే వయసు, దూకుడు, అనుభవం లాంటి తేడాలన్నీ లెక్కలో చొరబడతాయి. అందుకని వాళ్లు మనిషిని అతనితోనే పోల్చారు. ప్రమాదానికి ముందు కొద్ది నిమిషాల్లో ఫోన్ మాట్లాడాడా, ముందురోజు సరిగ్గా అదే వేళకు మాట్లాడాడా? మనిషి అతనే, స్వభావమూ అదే. తేడా ఉంటే అది ఫోన్‌దే.

ఫోన్ మాట్లాడే సమయంలో ప్రమాదావకాశం నాలుగు రెట్లకు పైగా ఉందని తేలింది. అందరూ గుర్తుపెట్టుకున్నది ఈ సంగతినే. దాని పక్కనే ఉన్న రెండో సంగతి అంతకంటే ముఖ్యమైంది: చేత్తో పట్టుకోకుండా మాట్లాడే ఏర్పాటు ఉన్నవారికి అదనపు రక్షణేమీ కనిపించలేదు. 2005లో ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో, ప్రమాదాల్లో దెబ్బలు తగిలి ఆసుపత్రులకు వచ్చిన 456 మంది డ్రైవర్లపై జరిగిన అధ్యయనంలోనూ ఇదే నాలుగు రెట్లు, చేతిలో ఫోన్ ఉన్నా లేకున్నా.

ఎందుకిలా అన్నదానికి అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ స్ట్రేయర్ బృందం చేసిన ప్రయోగాలు జవాబిస్తాయి. కృత్రిమ డ్రైవింగ్ యంత్రంలో కూర్చోబెట్టి, చూపు ఎటు పోతోందో కొలిచారు. ఫోన్‌లో మాట్లాడుతున్నవాళ్ల కళ్లు దారి పక్కన బోర్డుల మీద నిలిచాయి. తర్వాత అడిగితే మాత్రం, మాట్లాడకుండా నడిపినప్పటితో పోలిస్తే, వాటిని గుర్తుపట్టింది బాగా తక్కువ. కన్ను చూసింది, మనసు అందుకోలేదు. తెలుగులో దీనికి ఎప్పటినుంచో ఉన్న మాట పరధ్యానం. ధ్యానం లేకపోవడం కాదు, అది మరొకదాని మీద ఉండటం. వినబడే గొంతు తాలూకు మనిషిని, ఆ ఇంటిని, ఆ గొడవను మనసు కళ్లకు కట్టుకుంటూ ఉంటుంది. రోడ్డుకు మిగిలేది కొంతే.

మరి పక్క సీట్లో మనిషితో మాట్లాడితేనో? ఈ ప్రశ్న తరచూ వస్తుంది, న్యాయమైనదే. అదే విశ్వవిద్యాలయంలో 2008లో వచ్చిన మరో ప్రయోగం దీన్నే పరీక్షించింది. కొంతదూరం నడిపి, చెప్పిన చోట రహదారి దిగి ఆగమన్నారు. పక్కన మిత్రుణ్ణి కూర్చోబెట్టుకుని మాట్లాడినవాళ్లలో ఎక్కువమంది సరిగ్గా దిగారు. ఫోన్‌లో మాట్లాడినవాళ్లలో సగం మంది దాటిపోయారు. పక్కనున్న మనిషికి కూడా రోడ్డు కనిపిస్తుంది. ఎదురుగా లారీ వస్తే మాట ఆపుతాడు, మలుపు వస్తే గుర్తుచేస్తాడు. ఫోన్‌లో ఉన్నవాడికి ఆ లారీ కనపడదు. అతను అడుగుతూనే ఉంటాడు.

చట్టం చూసేది చేతిని

2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ ప్రమాదకర డ్రైవింగ్‌లో చేర్చింది చేత్తో పట్టుకునే ఫోన్ వాడకాన్ని. మొదటిసారి దొరికితే వెయ్యి నుంచి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా రెండూ. 2020 అక్టోబరు 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం దారి చూసుకోవడానికి మాత్రం, ఏకాగ్రత చెడని తీరులో, ఫోన్ వాడవచ్చు. చేతిని చూసి కేసు రాయడం పోలీసుకు సులువు, చెవిలో చిన్న ఇయర్‌ఫోన్‌ను పట్టుకోవడం కష్టం. ఆ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ చట్టం వదిలేసినదాన్ని జనం క్షేమమైనదిగా తీసుకుంటారు. బ్లూటూత్ కొనుక్కుని నిశ్చింతగా గంట మాట్లాడేవాళ్లను ఈ ధీమాయే తయారుచేసింది.

పైన చెప్పిన ప్రయోగాలన్నీ కార్లవి. మన రోడ్ల మీద 2022లో చనిపోయినవారిలో దాదాపు 45 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏ కూడలి దగ్గరైనా పది నిమిషాలు నిలబడితే చాలు: మెడ ఒకవైపు వాల్చి భుజానికీ చెవికీ మధ్య ఫోన్ నొక్కిపెట్టినవాళ్లు, హెల్మెట్ లోపలికి ఫోన్ దోపుకున్నవాళ్లు కనిపిస్తారు. మెడ వాలిస్తే ఒక పక్క చూపు తగ్గుతుంది, ఫోన్ మూసిన చెవికి వెనక హారన్ సరిగా అందదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో రెండు సెకన్లు తెర చూస్తే బండి 22 మీటర్లు చూడకుండానే పోతుంది. భోజనం పార్శిళ్లు చేరవేసే కుర్రాళ్ల సంగతి మరీ కష్టం. ఆర్డరు, దారి, కస్టమరు పిలుపు అన్నీ ఆ తెర మీదే వస్తాయి. ఫోన్ ముట్టవద్దంటే పని మానుకోమన్నట్టే. బండి కదులుతున్నంతసేపు కొత్త ఆర్డరు మోగకుండా యాప్‌ను తయారుచేయడం కంపెనీల చేతిలో ఉన్న పని. ఆ బాధ్యత వాటి మీద పెట్టే నిబంధన రావాలి. మరణం జరిగిన ప్రతి ప్రమాదంలోనూ దానికి ముందు పది నిమిషాల కాల్ డేటా తెప్పించడం దర్యాప్తులో తప్పనిసరి భాగం కావాలి.

ఫోన్ సంభాషణలో ఇద్దరుంటారు. ఇన్ని అధ్యయనాల్లోనూ, చట్టంలోనూ మనం ఒక్కరినే చూస్తున్నాం. రెండోవైపు ఉన్నది తల్లో, భార్యో, ఆఫీసులో పైఅధికారో. అవతల హారన్లు వినిపించగానే "బండి మీదున్నావా? ఆగాక చెయ్యి" అని మీరే పెట్టేయండి.