మైఖేల్ మైయర్స్ మనిషా? దెయ్యమా?.. స్లాషర్ విలన్ భయం వెనుక సీక్రెట్ ఇదే!

ముఖానికి తెల్లటి మాస్క్.. చేతిలో కత్తి.. నోట మాట లేదు. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన 'హాలోవీన్'లో విలన్ మైఖేల్ మైయర్స్ ఇలాగే కనిపిస్తాడు. ఆరేళ్ల వయసులో అక్కను చంపి, 15 ఏళ్ల తర్వాత మెంటల్ హాస్పిటల్ నుంచి తప్పించుకున్న మనిషే. కానీ క్లైమాక్స్‌లో ఆరు బుల్లెట్లు తగిలి, బాల్కనీ నుంచి కింద పడ్డా.. చూసేసరికి అక్కడ ఉండడు! ఎలా లేచాడో సినిమా చెప్పదు. టైటిల్స్‌లో ఆ మాస్క్ పాత్ర పేరు కూడా 'ది షేప్' అనే ఉంటుంది.

సీక్వెల్స్ మాత్రం కారణాలు వెతికాయి. 1981లో హీరోయిన్ లారీ అతని చెల్లెలే అన్నారు. 1995లో శాపం అన్నారు. 2007 రీమేక్‌లో రాబ్ జాంబీ అతని బాల్యాన్ని చూపించారు. చివరికి 2018 సినిమా ఇవన్నీ పక్కనపెట్టి మొదటి కథకే వెళ్లింది.

ఎందుకంటే.. పూర్తిగా మనిషైతే పోలీసులు పట్టుకుంటారులే అనిపిస్తుంది. పూర్తిగా దెయ్యమైతే లారీ అల్లిక సూదితో పొడిచినా ఫలితం లేదు, ఆమె పోరాటానికి విలువే ఉండదు. దెబ్బ తగులుతుంది.. కానీ చస్తాడా? ఆ డౌట్‌లోనే ఉంది అసలు భయం.